పిడికెడు రొయ్యపొట్టు

సిద్దిపేట అంగట్లో ఎండుచేపలమ్మే కొండవ్వకు ఈసారి కాకినాడ నుంచి రొయ్యపొట్టు రాలేదు. సరుకు పంపే ధనరాజుకు ఫోన్ చేసింది.

“సముద్రం కాగిపోతందమ్మా. పొట్టురొయ్యల గుంపులు చల్లదనం కోసం లోతుకి పోయాయి. ఒడ్డుకి రావట్లేదు.”

“సముద్రమేమన్న ఎసరా, కాగనీకి? ఎక్కువకు ఎవలకో అమ్ముకున్నవ్, దొంగ!”

వారానికి బస్సు పార్సిల్లో పిడికెడు పొట్టు వచ్చింది.

“మా కూరకని దాచుకున్నదమ్మా. నీ బుట్ట ఖాళీగా ఉండకూడదని పంపాను” అన్నాడు ధనరాజు ఫోన్లో.

కొండవ్వ ఆ పొట్లం అమ్మబుద్ధికాక ఇంటికి తెచ్చింది. చెరువుకు పోయిన మొగుడు పెద్దయ్య అప్పటికే తడవని వలతో అరుగు మీద కూర్చున్నాడు.

“వల ఎయ్యలేదా?”

“ఎండకు నీళ్లు కాగినయ్. చేపలన్ని అడుక్కు పోయినయ్. ఎండాకాలం ఎప్పుడుండేదే గదనే!”

ఆ మాటన్నందుకే కొండవ్వ ఒక మనిషిని దొంగను చేసింది.