కుర్చీ తడవకూడదు

శుక్రవారంలోపు అయిపోవాల్సిన పనులు:

ఒకటి: అమ్మగారి మంచం మీద కారే నీళ్లు ఆపాలి.
రెండు: వంటగది కిటికీ దగ్గర కారే నీళ్లు ఆపాలి.
మూడు: ఆగాయని పోయినసారి చెప్పిన చోట్లన్నీ మళ్లీ ఆపాలి.
నాలుగు: ఆగని చోట రంగు వెయ్యాలి.
ఐదు: అయ్యగారి కుర్చీ తడవకూడదు.

ఐదో పని కింద రెండు గీతలున్నాయి. జాబితా రాసింది అయ్యగారు, అంటే ఈ నీళ్లన్నీ కారుతున్న బోటు యజమాని. చెయ్యాల్సింది వడ్రంగి. మధ్యలో సలహాలివ్వడానికి అయ్యగారి బావమరిది ఉండనే ఉన్నాడు.

బోటంటే చేపలు పట్టే పడవ కాదు. మూడు పడకగదులు, వంటగది, పైన డెక్కు ఉన్న మోటారు యాట్, డబ్బున్నవాళ్ల షికారు నౌక. ముప్పై నాలుగేళ్ల కిందటి చెక్కపని. దూరం నుంచి చూస్తే పెళ్లికొడుకులా తెల్లగా మెరుస్తుంది. లోపలికి వెళితే, బయట వాన వెలిసిన అరగంటకి కూడా అక్కడ కురుస్తూనే ఉంటుంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అని పెద్దలు ఊరికే అనలేదు.

పోయినేడు బీమా సర్వేయరు వచ్చి, అమ్మగారి గది పైకప్పుకి వేలు ఆనించి, ఆ తడివేలు అందరికీ చూపించి, బీమా కాగితం మీద సంతకం పెట్టకుండా వెళ్లిపోయాడు. ఈ శుక్రవారం మళ్లీ వస్తున్నాడు.

"ఈసారి చుక్క పడిందా, నీ పనిముట్ల పెట్టె ఒడ్డు మీద ఉంటుంది మేస్త్రీ" అన్నారు అయ్యగారు.

వడ్రంగికి యాభై నాలుగేళ్లు. రేవులో కొత్తగా వస్తున్నవన్నీ ఫైబరు బోట్లు. వాటికి వడ్రంగితో పనిలేదు. ఇరవై రెండేళ్లుగా ఈ బోటు తప్ప అతనికి వేరే కొలువు లేదు.

బావమరిదిని పనివాళ్లు చాటుగా ట్యూబుల బాబు అనేవాళ్లు. ఎక్కడ చుక్క కనిపిస్తే అక్కడ సిలికాన్ జిగురు ట్యూబు నొక్కడమే ఆయనకొచ్చిన విద్య. నీళ్లు ఆగేవి కావు, పక్కకి జరిగేవి. అప్పుడు పక్కన నొక్కేవాడు. మూడేళ్లలో ఆ పైకప్పు కరిగి కారిన కొవ్వొత్తిలా తయారైంది.

"నీళ్లు దిగేదొకచోట, కారేదొకచోట బాబుగారూ. దూలం పట్టుకుని ఎంత దూరమైనా నడుస్తాయి" అని వడ్రంగి ఒకసారి నోరు జారాడు.

"నీళ్లకి కాళ్లుంటాయా మేస్త్రీ?" అన్నాడు ట్యూబుల బాబు.

అయ్యగారు విరగబడి నవ్వారు. ఆయన నవ్వాక నవ్వకపోతే బాగుండదు కాబట్టి వడ్రంగీ నవ్వాడు.

సోమవారం అతను తన పద్ధతిలో మొదలుపెట్టాడు. సాయానికి భార్య వచ్చింది. రేవులో బోట్లన్నిటికీ కుషన్లూ పరదాలూ కుట్టేది ఆమే. లోపల పైకప్పు పలకలు ఊడదీసి, దూలాలు పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి అద్దింది. తడి తగిలితే సుద్ద మీద గీత పడుతుంది. అతను బయట నీళ్ల గొట్టం పట్టుకుని కింది నుంచి పైకి, ఒక్కో చోట పదేసి నిమిషాలు తడుపుకుంటూ వచ్చాడు. పైనుంచి మొదలుపెడితే నీళ్లు జారి అన్నిటినీ తడిపేస్తాయి, దొంగెవరో తేలదు.

వంటగది కిటికీ తొమ్మిదో నిమిషంలో దొరికిపోయింది. నాలుగు పొరల సిలికాన్ గీకి చూస్తే, చట్రంలో చేరిన నీళ్లు బయటికి పోవడానికి ఉంచిన రంధ్రాన్నే ట్యూబుల బాబు పూడ్చిపెట్టాడు. పోయే దారి మూసేశాక అవి మాత్రం ఏం చేస్తాయి, ఇంట్లోకొచ్చాయి.

మంగళవారం సాయంత్రానికి కిటికీలూ కమ్మీలూ అన్నీ అయ్యాయి. అమ్మగారి మంచం పైన సుద్ద మాత్రం పొడిగానే ఉంది. తడపని చోటు ఒక్కటే మిగిలింది. పై డెక్కు మీద అయ్యగారి కుర్చీ.

అరవయ్యో పుట్టినరోజుకి బావమరిది కానుకగా తెచ్చిన తోలుకుర్చీ అది. తెచ్చినవాడే డెక్కుకి నాలుగు కంతలు పొడిచి, నాలుగు బోల్టులు బిగించాడు. వడ్రంగిని దగ్గరికి రానివ్వలేదు. కుర్చీ వచ్చి మూడేళ్లు. అమ్మగారి మంచం మీద కారడం మొదలై కూడా మూడేళ్లే. ఈ రెండిటినీ కలిపి ఆలోచించే ధైర్యం బోటులో ఎవరికీ లేకపోయింది. వాన తడిపితే తప్పులేదు, వడ్రంగి తడపకూడదు.

బుధవారం పొద్దున అతను చేతులు కట్టుకుని ఆ కుర్చీ ముందు నిలబడ్డాడు.

"అయ్యగారూ, తమరు పది నిమిషాలు లేస్తే, కింద నీళ్లు పోసి చూస్తానండి."

అయ్యగారు పేపరు దించారు. "నన్ను లేవమంటున్నావా?"

"బోటు కోసమేనండి."

"ఐదో పని చదివావా?"

"చదివానండి."

"కింద గీతలెన్ని?"

"రెండండి."

"మూడోది గీయించుకోకు."

పేపరు లేచింది. అయ్యగారు లేవలేదు.

"ఏమన్నాడు?" అంది కింద భార్య.

"గీతలు లెక్కపెట్టించాడు."

"బాగానే ఉంది. అసలు లేవమని అడగడం దేనికయ్యా? కూర్చోనీ. కాళ్ల దగ్గర నీళ్లు పోస్తానంటే వద్దన్న పెద్దమనిషిని నేనింతవరకు చూళ్లేదు." ఆమె సంచిలోంచి బట్టల నీలిమందు తీసి అతని చేతిలో పెట్టింది. "ఒట్టి నీళ్లైతే నిన్నటి తడి అంటారు. ఇది కలుపు. నీలం వాన ఎక్కడా కురవదు."

"కొలువు పోతేనో?"

"పొయ్యకపోతే శుక్రవారం ఎలాగూ పోతుంది. పోసే పోగొట్టుకో."

మధ్యాహ్నం భోజనమయ్యాక ట్యూబుల బాబు తెల్లచొక్కాతో అమ్మగారి మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. "అక్కయ్యా, పొద్దున్నే ఈ దూలాల సందులకి రెండు ట్యూబులు పట్టించాను. ఇక చుక్క పడితే నా పేరు మార్చుకుంటాను. చూడు, నేనే పడుకుంటున్నా." ఆ రోజు వానే లేదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. అమ్మగారు సోఫాలో కూర్చున్నారు. వడ్రంగి భార్య పరదా అంచు విప్పి కుట్టడం మొదలుపెట్టింది.

పైన వడ్రంగి కుర్చీ పాదం చుట్టూ లప్పంతో చిన్న గట్టు కట్టి, నీలినీళ్లు పోశాడు.

"ఏంటది?" అన్నారు అయ్యగారు, పేపరు వెనక నుంచే.

"పాదానికి మెరుగండి. కుర్చీ తడవదు."

"ఊఁ. ఆ మాత్రం భక్తి ఉండాలి."

గట్టులో నీళ్లు నిలవలేదు. పోసినవి పోసినట్టే దిగిపోయాయి.

ఆరో నిమిషంలో సుద్ద మీద నీలిగీత బయల్దేరింది. దూలం వెంట తీరిగ్గా, సాయంకాలం షికారుకొచ్చినట్టు నడుచుకుంటూ వచ్చింది. వడ్రంగి భార్య చూసింది. నోరు తెరిచి చెప్పొచ్చు. దారం కొరికి సూదిలో ఎక్కించుకుంది.

మొదటి చుక్క నొసటి మీద పడింది. ఈగనుకుని బాబు అరచేత్తో రుద్దుకున్నాడు. రెండోది చొక్కా మీద పడింది. మూడోదానికి ఎగిరి లేచాడు, దూలం నెత్తికి ఠంగుమని తగిలింది.

అమ్మగారు ఆ నీలిమొహాన్ని నిదానంగా చూశారు. "మరి ఏం పేరు పెట్టుకుంటావురా?" అని, సమాధానం కోసం ఆగకుండా డెక్కు మీదకెక్కారు. "లేవండి" అన్నారు భర్తతో.

అయ్యగారు లేచారు.

కుర్చీ విప్పితే కింద డెక్కు చెక్క తడిసిన అట్టలా ఉంది. వడ్రంగి చెంచాతో తోడి పారేశాడు. గురువారమంతా భార్యాభర్తలు ఆ గుంట ఆరబెట్టి, కొత్త చెక్క అతికించి, బోల్టు కంతల్లోకి నీళ్లు దిగకుండా అంచులు కట్టి, కుర్చీని మళ్లీ నిలబెట్టారు. మళ్లీ నీలినీళ్లు పోశారు. సుద్ద తెల్లగానే ఉంది.

శుక్రవారం సర్వేయరు వచ్చాడు. ప్రతి దూలానికీ తేమ మీటరు ఆనించాడు, చిన్న సుత్తితో తట్టి విన్నాడు. "మూడేళ్లుగా కారుతోందన్నారు. ఎవరు పట్టుకున్నారు?"

"మా బావమరిది" అన్నారు అయ్యగారు తడుముకోకుండా. "చుక్క పడిన క్షణంలోనే కనిపెట్టాడు."

అబద్ధమనడానికి లేదు. నొసటి మీద నీలిమచ్చ ఇంకా పోలేదు. సర్వేయరు అలాగే రాసుకుని సంతకం పెట్టాడు. వడ్రంగి వంగి పనిముట్ల పెట్టె సర్దుకున్నాడు.

"సోమవారం నుంచి రా మేస్త్రీ" అన్నారు అయ్యగారు కుర్చీలో కుదురుకుంటూ. "ఇంకోసారి మాత్రం నన్ను లేవమనకు."

ఒడ్డున నడుస్తూ అతను భార్యతో అన్నాడు, "నీ పేరు చెప్పాల్సింది నేను. నోరు రాలేదు."

"కొలువుందా, లేదా?"

"ఉంది."

"మరింకేం? నడు. పిరికివాడివని నాకు పెళ్లైన వారానికే తెలుసు."

ఆ బోటు కాగితాల్లో బావమరిది పేరు ఇప్పటికీ ఉంది. ఆమెది లేదు. మీరెప్పుడైనా హోరున కురిసే వానలో పొడిపక్క మీద నిద్ర లేస్తే, కొలువు నిలబెట్టి సూదీ దారంతో ఇంటికి నడిచిపోయిన ఆ ఇల్లాలిని ఒక్కసారి తలచుకోండి.