బల్ల ఆదివారం

నెలలో మొదటి ఆదివారం సంఘమంతా ప్రభువు బల్లలో పాలుపొందుతుంది, క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంది. ఆ రొట్టె ఎప్పుడూ మా ఇంట్లోనే కాలుస్తారు. అంటే నేను కాలుస్తాను. శనివారం సాయంత్రం ఉప్పూ ఈస్టూ లేకుండా పిండి కలుపుతున్నాను. పొయ్యి మీద రసం కోసం నల్లద్రాక్ష ఉడుకుతోంది. ఎడమ చెంప ఇంకా సలుపుతూనే ఉంది. మా అత్త మగ్దలీనమ్మ గడపలో కూర్చుని నా చేతుల్నే చూస్తోంది.

"కోపంగా పిసికితే రొట్టె గట్టిపడతాది మే. మొగుడన్నాక ఒక దెబ్బ ఏస్తాడు. దానికి మూతి ముడుచుకోనుంటే ప్రభువు మెచ్చుతాడా?"

మొన్న గురువారం స్త్రీల కూడికలో నన్ను వాక్యం చెప్పమన్నారు. నొప్పించినవాడే లేచి వెళ్లి, నొచ్చుకున్నవాళ్లతో సమాధానపడాలని, ఆ తర్వాతే దేవుడి దగ్గరికి రావాలని చెప్పాను. ఇంటికొచ్చేసరికి చీకటిపడింది, అన్నం వండలేదు. రొయ్యల గుంట దగ్గర్నుంచి మా ఆయన యెహోషువ వచ్చాడు. ఆయన సంఘపెద్ద.

"ఊరందరికీ వాక్యం చెప్తావు, ఇంట్లో పొయ్యి ఎవురు ఎలిగించాల?" అని చెంప మీద కొట్టాడు. గుంట కాపలా పోలేరయ్య వాకిట్లోనే ఉన్నాడు. సిగ్గుతో అతను తల దించుకున్నాడు. ఈయన దించుకోలేదు.

ఎవరి మీదైనా మనసులో ఏదైనా పెట్టుకుని రొట్టె ముట్టుకుంటే పాపం. మంచి నియమమే, నేను నమ్ముతాను. నమ్ముతాను కాబట్టే ఒళ్లు మండుతోంది. మా ఇంట్లో సమాధానపడటం ఎలాగంటే, శనివారం ప్రార్థనలో ఆయన మోకరించి "ప్రభువా, నా కోపాన్ని క్షమించు" అని ఏడుస్తాడు. లేచి నాకు చెయ్యి చాపి "వందనాలు" అంటాడు. నేను "వందనాలండీ" అనాలి. అంతే, అయిపోయింది! దెబ్బ తిన్నది నేనైతే క్షమించమని అడిగేది దేవుణ్ణా? ఆయన చెయ్యి పడింది నా చెంప మీద గానీ దేవుడి చెంప మీద కాదే! ఆ "వందనాలండీ" అంటే అబద్ధం చెప్పి రొట్టె తిన్నట్టు. అనకపోతే బల్లకు దూరం. ఆడది బల్ల తీసుకోకుండా కూర్చుంటే చాలు, ఏం తప్పు చేసిందోనని వరుసలన్నీ తిరిగి చూస్తాయి. ఎటు తిప్పినా పాపం నా నెత్తికే చుట్టుకుంటుంది.

ఆ శనివారం రాత్రి ప్రార్థనయ్యాక ఆయన చెయ్యి చాపాడు.

"పిండి చేతులండీ," అన్నాను.

ఆయనకు అదే చాలు. సమాధానపడ్డాననుకుని భోజనానికి కూర్చున్నాడు.

మర్నాడు గుళ్లో, నేను ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, నేను కాల్చిన రొట్టె ఉన్న పళ్లెం పట్టుకుని బల్ల పక్కన నిలబడ్డాడు. పాస్టరు పరంజ్యోతి అయ్యగారు ఎప్పటిలాగే అడిగారు.

"సమాధానపడనివాళ్లు ఎవరన్నా ఉన్నారా?"

ఎప్పటిలాగే ఎవరూ లేరన్నట్టు అయ్యగారు బైబిలు పేజీ తిప్పబోతుంటే నేను లేచాను.

"నేనుండాను అయ్యగారూ. మా ఆయన గురువారం నన్ను కొట్టినాడు. క్షమించమని నన్ను ఇంకా అడగలా."

ఆడవాళ్ల వైపు ఎవరో గట్టిగా దగ్గారు. మా అత్త నా కొంగు పట్టి లాగింది. అయ్యగారు తడబడ్డారు.

"అబిగయీలమ్మా, ఇవి ఇంట్లో మాట్లాడుకోవాల్సినవి. మనసు నెమ్మదిపడేదాకా నువ్వే ఈ నెల బల్లకు దూరంగా ఉండమ్మా."

"నేనెందుకుండాల? కొట్టినోళ్లుండాల."

  అత్త చేతిలోంచి కొంగు విడిపించుకుని, రెండు వరుసల మధ్య నుంచి నడిచి బల్ల ముందుకు వెళ్లాను. ఆయన నా వైపు చూడకుండా పళ్లెం ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"పొద్దుట్నించీ పచ్చినీళ్లు కూడా ముట్టకుండా వచ్చినా అయ్యగారూ. ఆ పళ్లెం కింద పెట్టమనండి ఆయన్ని. నేను బల్ల తీసుకోవాల."