రాసినవారు లేవండి!

"నా నీలం చొక్కా ఏదీ?"

బీరువా తలుపులు బార్లా తెరిచి, నీలం చొక్కాకు ఎదురుగానే నిలబడి కేకేశాడు మొగుడు. మామూలు రోజైతే ఆమె పొయ్యి కట్టేసి, పరుగున వెళ్ళి చేతికందించేదే. ఇవాళ మాత్రం ఆ కేకను చెవులారా విని మురిసిపోయింది. సరిగ్గా ఈ మాటతోనే ఇంకో రెండు గంటల్లో తెర లేవబోతోంది మరి!

ఆమె జిరాక్స్ షాపులో టైపు చేస్తుంది. పేటలోని కుర్రకారు కలిసి పెట్టుకున్న నాటక బృందం తమ చిట్టి నాటకాలను అక్కడికే తెచ్చేది. ఒకరోజు టైపు చేస్తూ చేస్తూ ఉండబట్టలేక, "ఇల్లాలు ఇలా మాట్లాడదమ్మా" అనేసింది. "నీ పని టైపు కొట్టడం, సలహాలివ్వడం కాదు" అని యజమాని అందరి ముందూ కసిరాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. కానీ బృందాన్ని నడిపే అమ్మాయి సాయంత్రం మెట్ల దాకా వెంటబడి వచ్చింది. "మరెలా మాట్లాడుతుందో మీరే రాసివ్వండక్కా!" అంది.

రాసింది. భోజనాల వేళ, పాడైన కాగితాల వెనక. కథ కోసం వెతుక్కోవాల్సిన అవసరమే రాలేదు. పదిహేడేళ్ళ కాపురంలో మొగుడి నోట విన్నవన్నీ వాటంతటవే బారులు తీరి వచ్చేశాయి. "రోజంతా కూర్చునే ఉద్యోగమేగా, అలసటేమిటి?" "ఉద్యోగం మానేస్తే ఎవరికి నష్టం?" "మా అమ్మ పదిమందికి వండేది, ఒక్కనాడైనా మొహం ముడుచుకుందా?" ఆ చివరి మాట విన్నప్పుడల్లా అత్తగారు గోడ వైపు తిరిగి పడుకునేది. ఎందుకో ఆమె ఎన్నడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఆ బృందానికో పట్టింపు ఉంది. కరపత్రంలో రచయితల పేర్లు వెయ్యరు. నాటకం అయ్యాక, రాసినవారు లేవండి అని పిలుస్తారు. లేచి వేదికెక్కి, జనంలోంచి వచ్చే ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఎవరూ లేవకపోతే ఆ నాటకానికి ఆ రోజుతో సరి, మళ్ళీ ఆడరు. ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. లేస్తానని ఆ అమ్మాయికీ మాటివ్వలేదు. ఇప్పుడు హాల్లో, మూడోదైన తన నాటకం కోసం ఎదురుచూస్తూ, మొగుడికీ అత్తగారికీ నడుమ కూర్చుంది. మొదటి రెండు నాటకాల్లో ఒక్క ముక్క చెవికెక్కలేదు.

తెర లేచింది. అంటించుకున్న మీసంతో ఓ కుర్రాడు బీరువా ముందు నిలబడి, "నా నీలం చొక్కా ఏదీ?" అని అరిచాడు. హాలంతా గొల్లుమంది. అమ్మో, తను రాసిన మాటకు ఇంతమంది నవ్వుతున్నారు! అందరికన్నా బిగ్గరగా, తొడ చరుచుకుని మరీ నవ్వుతున్నది పక్కనున్న ఆమె మొగుడే.

"వీడెవడో గానీ ఒట్టి చవట!" అన్నాడు.

అత్తగారు కోడలి మీదుగా వంగింది. "ఒరేయ్, ఆ కేకలు నీవేరా."

నవ్వు సగంలో ఆగిపోయింది. వేదిక మీద మీసాలాయన ఒక్కో మాట అంటున్న కొద్దీ ఇక్కడీయన కుర్చీలో కిందికి జారిపోతున్నాడు. చివరికి వేదిక మీది ఇల్లాలు పొయ్యి కట్టేసి, చెప్పులేసుకుని, జనం మధ్యలోంచి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. దీపాలు ఆరాయి. చప్పట్లే చప్పట్లు.

"రాసినవారు లేవండి!"

మొగుడు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "నువ్వేనా? కదలకు. నలుగురిలో నా పరువేం కావాలి?"

ఆమెకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ నలుగురిలో పోయింది ఎవరి పరువు? ఇప్పుడు లేవకపోతే ఆ ఇల్లాలు మళ్ళీ ఏ వేదిక మీదా ఆ గుమ్మం దాటదు. ఇంతలో అత్తగారు ఆమె ఒళ్ళోని చేతిసంచీ తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"వెళ్ళు" అంది.

ఆమె చెయ్యి విడిపించుకుని లేచింది. గబగబా మెట్లెక్కింది. వేదిక మీద అంత వెలుగులో నిలబడితే ఏడుపొస్తుందనుకుంది గానీ, సంతోషం పట్టలేక నవ్వొచ్చేసింది. బృందం అమ్మాయి మైకు అందించి, "ఒక్క ప్రశ్న!" అంది.

వెంటనే ఒక చెయ్యి లేచింది. నీలం చొక్కా చెయ్యి.

"ఆ వెళ్ళినావిడ..." అన్నాడు. గొంతులో వెటకారం లేదు, బెదురుంది. "మళ్ళీ ఇంటికొస్తుందా?"

ఆమె మైకు దగ్గరికి లాక్కుంది.

"వస్తుందండీ" అంది. "ఆయన వంట చెయ్యడం అయ్యాక."