ట్యాబుకి తెలియని సేప

నాకు కోపం ఎక్కువని మా మండలంలో అందరికీ తెలుసు. మీటింగుల్లో నా పక్క కుర్చీ మామూలుగా ఖాళీగానే ఉంటుంది. అయినా ఆ ట్యాబు మా బడికి వచ్చిన రోజు నేను కోప్పడలేదు. నిజం చెప్పొద్దూ, సంతోషించాను. కళింగపట్నానికి కాస్త ఇవతల, ఇసుకలో పడవలు ఆరబెట్టుకునే ఒక వాడలో మా ప్రాథమిక పాఠశాల. ఉన్నది ఒకటే హాలు, అన్ని తరగతులకీ నేనొక్కదాన్నే టీచర్ని. ఒక వరసకి లెక్కలు చెబుతుంటే రెండో వరస కొట్టుకుంటుంది. అలాంటి చోట పిల్లల చదువు వినడానికి ఇంకో చెవి దొరికిందంటే ఎవరు వద్దంటారు?

ట్యాబు ఒక్కటే రాలేదు, దాని వెంట షాలిని కూడా వచ్చింది. డీఎడ్ చదువుతున్న అమ్మాయి, టీచింగ్ ప్రాక్టీసుకి మా బడిని ఇచ్చారు. వాళ్ళది గరివిడి. తండ్రి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని చేస్తాడు. చిన్నప్పటి నుంచీ ఆదివారం చర్చిలో లేచి నిలబడి వాక్యం చదివిన పిల్ల కాబట్టి గొంతు ఖణీమంటుంది. మొదటి రోజే పిల్లలు దాని చుట్టూ మూగారు. నేను హాయిగా కూర్చుని టీ తాగి ఎన్నాళ్ళయిందో గుర్తు లేదు గానీ, ఆ రోజు తాగాను.

ట్యాబులో ఉన్న యాప్ పేరు 'పలుకుబడి'. పేరు పెట్టినవాడికి తెలుగు బాగా వచ్చి ఉండాలి. పలుకుబడి ఉన్నవాళ్ళ పలుకే పలుకని ఒక్క మాటలో తేల్చేశాడు. షాలిని పాఠం చెబుతుంటే అది బల్ల మీద కూర్చుని వింటుంది. ఎలా చెప్పిందో రాసి మార్కులు వేస్తుంది. పిల్లలు దాని ముందు పాఠం చదివితే, సరిగ్గా పలికిన మాట పచ్చగా, తప్పు పలికిన మాట ఎర్రగా మారుతుంది. ఎరుపు ఎక్కువైన పిల్లని 'అక్షరాల వరస'లో కూర్చోబెట్టి మళ్ళీ అ ఆల నుంచి మొదలుపెట్టాలి. ఎర్ర పిల్లల్ని పచ్చగా మార్చగలిగితేనే షాలిని ప్రాక్టీసు పాస్. దాంట్లో నా ప్రమేయం సంతకం వరకే. పాతికేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, ఒక పిల్ల పాఠం చెప్పగలదో లేదో చెప్పడానికి పనికిరాను.

మొదటి పాఠం తీసివేతలు. షాలిని చక్కగా మొదలుపెట్టింది. బుట్టలో పది సేపలున్నాయి, మూడు అమ్మేసినాం, ఇప్పుడు ఏటి సెయ్యాల, ఏటి మిగిల్తాది అంటూ పిల్లల చేత వేళ్ళు మడిపించింది. పాఠం అయ్యాక ట్యాబు తీర్పు చెప్పింది. ఉపాధ్యాయురాలు తీసివేతల పాఠంలో పదే పదే నదుల ప్రస్తావన తెచ్చారట. విషయానికి కట్టుబడి ఉండడం అలవరచుకోవాలట.

నదులేమిటా అని ఇద్దరం తలలు పట్టుకున్నాం. కాసేపటికి వెలిగింది. ఏటి! ఏటి ఒడ్డు, ఏటి నీళ్ళు, ఆ ఏటి! మా శ్రీకాకుళం నోట 'ఏమిటి' అనే మాట ఏటి అయితే, ఆ మహాతల్లికి వంశధార కనిపించింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. షాలిని కూడా నవ్వింది. కానీ మర్నాడు అది క్లాసులో "ఏమిటి మిగులుతుంది?" అంది. మూడో తరగతి వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు అప్పుడే తెలియాల్సింది, ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదని.

ఆ వారంలోనే పిల్లల చేత ట్యాబు ముందు చదివించాం. పాఠం ఒక చేప కథ. నా మూడో తరగతిలో ఝాన్సీ అని ఒక పిల్ల ఉంది. తల్లి లేదు, తండ్రి వేటకి పోతాడు, ఎండుచేపలు అమ్మే జగ్గమ్మ దాని మామ్మ. పిల్ల చేతికి ఏ కాగితం దొరికినా చదువుతుంది. పకోడీల పొట్లం కూడా విప్పి చదివాకే తింటుంది. ట్యాబు ముందు కూర్చోగానే గడగడా మొదలుపెట్టింది. సిన్న సేప సెరువు అంచుకి వచ్చింది. సెట్టు మీద సిలకని సూసి, నీకు సలిగా ఉందా అని అడిగింది. అక్కడ ఆగి, మా వైపు తిరిగి అడిగింది.

"టీచరూ, నీల్లలో ఉన్నది సేప గదా. సెట్టు మీదున్న సిలక్కి సలేటి?"

చదివిన దాన్ని అర్థం చేసుకుని, దానిలో తప్పు పట్టి, నవ్వుతున్న పిల్ల అది. దీనికి మించి ఏ పరీక్ష పెడతారు? కానీ ట్యాబు తెర నిండా ఎరుపే. చిన్న, చేప, చెరువు, చెట్టు, చిలక, చూసి, చలి, అన్నీ ఎరుపే. లోపల్నించి ఒక ఆడగొంతు టీవీలో సబ్బు అమ్ముతున్నంత హుషారుగా, "పరవాలేదు! మళ్ళీ ప్రయత్నిద్దాం!" అంది. ఝాన్సీ మళ్ళీ చదివింది. మళ్ళీ ఎరుపు. పరవాలేదు, మళ్ళీ ప్రయత్నిద్దాం. మూడోసారికి పిల్ల గొంతు సన్నగిల్లింది. వంజరం, సందువ, నెత్తళ్ళు అంటూ బుట్టలో ఏముందో వాసన బట్టి చెప్పగల ఇంటి పిల్లకి, చేప అన్న మాట రాదని తేల్చి, అక్షరాల వరసలో వేసింది ఆ యంత్రం.

నేను ఫోన్ చేశాను. ఎవరెవరికో చేశాను. ఒకరు నా అభిప్రాయం నమోదైందన్నారు, ఇంకొకరు ట్యాబు ఆపి మళ్ళీ పెట్టి చూడమన్నారు. పిల్లని ఆపి మళ్ళీ పెట్టమనలేదు, అదే గొప్ప.

షాలిని మాత్రం పట్టుబట్టింది. పాపం దాని భయం దానిది, ఝాన్సీలాంటి వాళ్ళు పచ్చగా మారకపోతే తన చదువు పోతుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నాలుక అంగిలికి ఆనించు, చే, చే అను అని సాధన చేయించేది. తానూ రాత్రిళ్ళు అద్దం ముందు అదే సాధన చేస్తున్నానని నాతో చెప్పింది. ఝాన్సీ చే అనేది, చేప అనేది, వాక్యంలోకి వచ్చేసరికి సేప దూకేది. కొన్నాళ్ళకి పిల్ల ఒక ఉపాయం కనిపెట్టింది. 'చ'తో మొదలయ్యే మాట రాగానే దాన్ని మింగేసి, ముందుకి పోయేది. ఇంకొన్నాళ్ళకి ఆ శ్రమ కూడా మానేసింది. పుస్తకం ఇస్తే ఒళ్ళో పెట్టుకుని ఊరుకునేది. నోరు విప్పేది కాదు.

ఒక పొద్దున్న జగ్గమ్మ తన గంపతో సహా బడిలోకి వచ్చింది. గొంతు పెద్దది చేయలేదు. నేను కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"టీచరమ్మా, నా గుంటకేటి సేసినారు? ఇంటికాడ మాటాడ్డం నేదు. బువ్వ తింటావా అంటే తలకాయ ఊపుతాది. మొన్న నాను సేప అంటే, మామ్మా నువ్వు తప్పు పలుకుతన్నావు అంది. యాభై ఏల్లు అమ్మినాను, ఇప్పుడు తప్పయిపోనాదా?"

నేనేం చెప్పను? సర్కారు వారి యంత్రం అలా అంటోంది అని చెప్పనా? షాలిని గోడ పక్కన నిలబడి అంతా విన్నది. జగ్గమ్మ వెళ్ళాక అది మొహం కడుక్కుని వచ్చి, చాక్‌పీసు తీసుకుని పాఠంలో పడింది. ఆ రోజు దాని నోట చాలా రోజులకి 'ఏటి' వినబడింది.

చివరి పాఠం చూడడానికి హరిబాబు వచ్చాడు. ఆ యాప్ తయారుచేసినవాళ్ళ తరఫున మా జిల్లా చూసుకునే కుర్రాడు. మంచివాడే, నన్ను మేడమ్ అని లేచి నిలబడి పలకరించాడు. అక్షరాల వరసలో ఉన్న ఒక పిల్ల చేత షాలిని చదివించాలి, అది పచ్చగా రావాలి, అప్పుడే పాస్. షాలిని ఝాన్సీని పిలిచింది. వేరే పిల్లని పిలవమని నేను కళ్ళతో చెప్పాను. అదే వరసలో ఊరి బయట కాలనీ నుంచి వచ్చే పిల్లవాడొకడున్నాడు, అక్షరాలు కూడబలుక్కున్నా టీవీ భాషలో పలుకుతాడు, వాడిని పిలిస్తే గండం గడిచిపోతుంది. షాలిని నా వైపు చూడలేదు.

ఝాన్సీ వచ్చి ట్యాబు ముందు కూర్చుంది. పెదాలు బిగించింది. తర్వాత షాలిని చెయ్యి పట్టుకుని, ట్యాబు వైపు చూపిస్తూ పిల్ల గుసగుసగా అడిగింది.

"అదింటాదా టీచరూ?"

షాలిని పిల్ల పక్కన నేల మీద కూర్చుంది. హరిబాబుకి, ట్యాబుకి, అందరికీ వినబడేలా తన సొంత గొంతుతో చెప్పింది.

"ఇననీ. దానికి సేప అంటే ఏటో తెల్దు. నీకు తెలుసు. తెలిసినోలే సెప్పాల. సదువు."

ఝాన్సీ చదివింది. మొదట నెమ్మదిగా, తర్వాత పరుగున. సిన్న సేప, సెరువు, సెట్టు, సిలక. ఒక్క మాట మింగలేదు. పాఠం అయిపోయినా ఆగకుండా తర్వాతి పేజీ తిప్పి అదీ చదివేసింది. తెర ఎర్రగా మండిపోయింది. పరవాలేదు, మళ్ళీ ప్రయత్నిద్దాం అంది లోపలి మనిషి.

హరిబాబు ఇబ్బందిగా కదిలాడు. స్కోరు ఇలా వస్తే షాలిని గారు మళ్ళీ ప్రాక్టీసు చేయాల్సి ఉంటుందని, పాప ఈ ఏడాదంతా అక్షరాల వరసలోనే ఉండాలని, తన చేతుల్లో ఏమీ లేదని చెప్పాడు. ఆ యంత్రం తెలుగు ఎవరి దగ్గర నేర్చుకుందని అడిగాను. పెద్ద ఊళ్ళ పిల్లల గొంతులు వేలకొద్దీ రికార్డు చేశారట. మా జిల్లా గొంతులు తర్వాతి విడతలో చూస్తారట. కోపం వస్తే నా పుస్తకాల తెలుగు ఎక్కడికో పోతుంది. పాతపట్నంలో మా అమ్మ నాకిచ్చిన తెలుగే మిగులుతుంది.

"బాబూ, పిల్ల తప్పు సదివిందా, నీ యంత్రం తప్పు ఇన్నాదా? సెవుడు దానిదైతే మందు ఈ పిల్లకి ఏస్తారేటి? మీ తర్వాతి విడత వచ్చేసరికి ఈ గుంట పెద్దదైపోతాది. అప్పటికి నోరు మూసుకుని బతకడం నేర్చుకునుంటాది. ఆ పాఠానికి మార్కులెవలికి ఏస్తావు, నీకా?"

అతను తల దించుకున్నాడు. వాళ్ళది ఆముదాలవలస దగ్గర పల్లె అని వచ్చినప్పుడే చెప్పాడు. ఇంట్లో వాళ్ళమ్మ చేపని ఏమంటుందో నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. కానీ తల దించుకున్నంత మాత్రాన నా కోపం చల్లారలేదు, ఇప్పటికీ చల్లారలేదు. స్కోరు అలాగే పై ఆఫీసుకి పోయింది. షాలిని ఫెయిలైంది. మళ్ళీ వచ్చే ఏడాది చేయాలి. ఈ బడికే వేయమని అడుగుతానంది. ఝాన్సీని మాత్రం నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మూడో తరగతి వరసలో, దాని పాత చోట కూర్చోబెట్టాను. నా బడిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో నేను చెబుతాను, రాసుకోండి అన్నాను. హరిబాబు ఏమీ రాసుకోలేదు.

కాగితాల మీద సంతకాలు అవుతుండగా ఇంటి గంట కొట్టారు. పిల్లలు సంచులు తగిలించుకుని ఇసుకలోకి పరుగెత్తారు. హరిబాబు ట్యాబు తీసుకోవడానికి లేచి, బల్ల దగ్గరకి వెళ్ళకుండా మధ్యలోనే ఆగిపోయాడు. ఎందుకా అని చూశాను. ఝాన్సీ ఇంటికి వెళ్ళలేదు. బల్ల మీద మోచేతులు పెట్టి, మొహం ట్యాబు దగ్గరగా పెట్టి, షాలిని తనకి నేర్పినట్టే ఒక్కో అక్షరం విడదీసి దానికి చెబుతోంది.

"సే. ప. సేప."

తెర ఎర్రబడింది. పిల్ల విసుక్కోలేదు. ఇంకాస్త నెమ్మదిగా మళ్ళీ చెప్పింది. మళ్ళీ ఎరుపే. లోపలి మనిషి ఏదో అనబోయేలోగా, ఆ మనిషి రాగమే తీసి, ట్యాబు నెత్తిన చెయ్యి వేసి నిమిరింది.

"పరవానేదు. మల్లీ పెయత్నిద్దాం."