రేకుపలక వెనక వెంట్రుకలు

మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీ వాళ్ళు అప్పగించిన జలాంతర్గామి కురె రేవుకొచ్చి నెల దాటింది. దాన్ని విప్పి చూసి అలాంటిదే కట్టాలని జపాను నౌకాదళం ముచ్చట. ప్రతి గొట్టానికీ బొమ్మ గీస్తున్నారు, ప్రతి మరకీ చీటీ కడుతున్నారు. ఏది ఎందుకుందో మాత్రం ఎవడికీ అంతుపట్టదు. ఏనుగును తడిమిన గుడ్డివాళ్ళే నయం, వాళ్ళ చేతికి తోకో తొండమో అయినా తగిలింది.

తొరకిచి చెక్క పడవలు కట్టే వంశంవాడు. ఇప్పుడు కర్మాగారంలో ఇనుము విప్పుతున్నాడు. ఆ ఉదయం నిచ్చెన కింద రేకుపలక ఊడదీస్తే వెనక చిన్న డబ్బా దొరికింది. అందులో పసుప్పచ్చటి ఆడజుట్టు పాయ, రెండు పాచికలు.

తొరకిచి పాచికలను అరచేతిలో వేసుకుని చూశాడు. వాళ్ళ నాన్న ప్రతి పడవలోనూ తెరచాప కొయ్య మొదట్లో తొలిచి పెట్టేవి సరిగ్గా ఇవే. ఫునదామ, అంటే పడవ ప్రాణం. అది తీసేసిన పడవ నీళ్ళలో దిగకూడదు. ఈ పడవేమో మర్నాడు పొద్దున పరీక్ష కోసం మునిగి తేలాలి. లోపల ఉండేవాళ్ళలో తొరకిచి తమ్ముడు హిసాజి ఒకడు.

పని చూసే లెఫ్టినెంట్ ముగికురా డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "గాలిలో చెమ్మ కొలిచే సాధనమయ్యుంటుంది. చెమ్మకి వెంట్రుక సాగుతుంది కదా. టోక్యో పంపిద్దాం."

"చెమ్మకి పాచికలెందుకండీ?"

లెఫ్టినెంట్ డబ్బా మూసి జేబులో వేసుకున్నాడు. "అదీ... టోక్యో వాళ్ళే తేలుస్తారు."

"అయ్యా, అది పడవ ప్రాణమండీ. రేపటిదాకా అయినా ఉండనివ్వండి."

"జర్మన్లకి పడవ ప్రాణమేంటయ్యా, నీ పిచ్చి కాకపోతే!"

మధ్యాహ్నం తొరకిచి, యుద్ధఖైదీగా వచ్చి ఊళ్ళోనే రొట్టెలు కాల్చుకుంటూ ఉండిపోయిన జర్మన్‌ని అడిగాడు. "ఎవడో తన పిల్ల గుర్తుగా దాచుకున్నాడేమో. కాదేమో కూడా. నేను నేలమీద సిపాయినయ్యా, సముద్రమంటే వాంతులు నాకు," అన్నాడతను.

తొరకిచి బుర్ర మరీ గజిబిజి అయింది. ఏదైతేనేం, ఉన్నది ఒక్క తమ్ముడు. పడవ యజమాని భార్య జుట్టు పెట్టడం ఆచారం. మరి ఈ పడవకి యజమాని ఎవరు? చక్రవర్తి! ఆ ఆలోచన వచ్చినందుకే లెంపలు వేసుకుని, తిన్నగా తమ్ముడి ఇంటికి, మరదలి దగ్గరికి నడిచాడు.

"ఒషినో, నీ జుట్టు కాస్త కావాలమ్మా."

"ఏంటి బావగారూ, పట్టపగలే తాగారా?"

సంగతి విన్నాక ఆమె మరి నవ్వలేదు. కమేలియా నూనె రాసి నున్నగా చుట్టుకున్న కొప్పు విప్పింది. పాయ అడిగితే జానెడు మిగిల్చి మొత్తం కోసిచ్చింది. "ప్రాణం దగ్గర పిసినారితనమేంటి? ఆయనకి మాత్రం చెప్పకండి. ఏడిపిస్తారు."

సాయంత్రంలోగా ఆ జుట్టు, తన పాచికల జతా రేకు వెనకకు చేరాయి.

మర్నాడు పడవ మునిగింది. తేలాల్సిన వేళకి తేలలేదు. గట్టు మీద అందరూ నీళ్ళకేసి చూస్తూ నిలబడిపోయారు. తొరకిచి గట్టు చివరికంటా నడిచాడు. జర్మన్ ఒంట్లో జపాను ప్రాణం ఇమడలేదా? పెట్టినందుకే తేలట్లేదా? తమ్ముణ్ణి తన చేతులతో తనే ముంచుకున్నాడా?

చివరికి నీళ్ళు బుసబుసా పొంగి, పడవ వీపు కనబడింది. ముగికురా తడిసి ముద్దయి బయటికొచ్చాడు. "ఏ మర తిప్పితే తేలిందో తెలీదయ్యా. అన్నీ తిప్పేశాం," అని నవ్వాడో ఏడ్చాడో తెలియకుండా వెళ్ళిపోయాడు.

హిసాజి గట్టు మీద కూలబడ్డాడు. "అన్నయ్యా, దీపాలన్నీ ఆరిపోయాయి. చచ్చామనుకుని, నిచ్చెన కింద రేకుకి తల ఆనించి కూచున్నా. అంత చమురు కంపులోనూ కమేలియా నూనె వాసన! ఒషినో పక్కనే ఉన్నట్టు. భ్రమే కదూ?"

"భ్రమేరా," అన్నాడు తొరకిచి.

గేటు బయట ఒషినో తలకి గుడ్డ కట్టుకుని నిలబడి ఉంది. "జ్వరమా?" అంటూ హిసాజి ఆ గుడ్డ లాగాడు. కురచ జుట్టు మీద చెయ్యి వేశాడు. ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని, జనమంతా చూస్తుండగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.