గుడిలో చదివిన చిరునామా

మినోరికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తన చేతుల్లోంచి బిడ్డ జారి కింద పడిపోతుందని.

మెట్లు దిగేటప్పుడు ఆ భయం. స్నానం చేయించేటప్పుడు ఆ భయం. నాలుగేళ్ళు రొట్టెల దుకాణంలో వేడి పళ్ళేలు మోసిన మనిషి ఆమె. ఒక్క బన్ను కింద పడేసి ఎరగదు. బడి మధ్యలో మానేసి ఆ పనిలో చేరిన కొత్తలో యజమాని ఆమె చేతులు చూసి, "ఇవి పుట్టుకతోనే పళ్ళేలు మోశాయి" అని నవ్వేవాడు. ఆ చేతులే ఇప్పుడు నాలుగు కిలోలు కూడా లేని సుజుని ఎత్తుకోగానే వణుకుతున్నాయి.

సుజు పుట్టిన తొమ్మిదో రోజున పాలిస్తూ పాలిస్తూ కునుకు పట్టింది. పాప ఒళ్ళోంచి పరుపు మీదికి దొర్లింది. నేల మీద పరిచిన పరుపే, జానెడు ఎత్తు కూడా లేదు. పాప నిద్ర కూడా లేవలేదు. లేచింది మినోరి గుండె. మళ్ళీ కుదురుగా కూర్చోలేదది.

పసిపిల్లల్ని చూడటానికి ఇంటికొచ్చే నర్సు ఒక కాగితం ఇచ్చింది. పది ప్రశ్నలు. కారణం లేకుండా భయం వేస్తోందా, ఏడుపు వస్తోందా, ఇలాంటివి. బడిలో ఏ పరీక్షా అంత నిజాయితీగా రాయలేదు మినోరి. నర్సు చదివి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఇది చాలామందికి వచ్చేదేనమ్మా. ఇంట్లోవాళ్ళకి చెప్పి సాయం అడుగు" అంది. మినోరి భర్త కజుమకి చెప్పింది. కజుమ స్నానాల గదిలోంచి ఫోనులో వాళ్ళమ్మకి చెప్పాడు. ఆ రోజు నుంచి అత్తగారు తోకియె వచ్చినప్పుడల్లా మినోరి ముఖం చూడటం మానేసి, చేతులు చూడటం మొదలుపెట్టింది.

ఇవాళ సుజుకి ముప్పై మూడో రోజు. ఆడపిల్లని మొదటిసారి గుడికి తీసుకెళ్ళే రోజు. పది గంటలకల్లా కోబె రేవులో ఎర్ర టవరు కింద కలుసుకోవాలని అత్తగారి ఆజ్ఞ. డమరుకంలా నడుము బిగించుకుని నిలబడ్డ ఆ టవరు కింద గాలి ఈడ్చి కొడుతోంది.

"టాక్సీలో పోదామే అమ్మా. చలి చూడు," అన్నాడు కజుమ.

"నిన్ను ఇక్కణ్ణుంచే నడిచి తీసుకెళ్ళాను. ఆ భూకంపం ఏడాది రైళ్ళున్నాయా, రోడ్లున్నాయా? ఒసాకాలో మా అక్క ఇంటినుంచి పడవెక్కి వచ్చి, ఈ టవరు కింద దిగి, ఇకుత గుడి దాకా నడిచాను. దారంతా నువ్వు ఏడుపే. ఇప్పటికీ అంతే, కాస్త చలేస్తే చాలు ఏడుపు." తోకియె రెండు చేతులూ చాపింది. "ఇలా ఇవ్వమ్మాయ్."

మినోరి ఇచ్చింది. ఇవ్వాలి కూడా. గుడికి పాపని నాన్నమ్మే ఎత్తుకోవాలి. కన్నతల్లికి ఇంకా పురుటి మైల అనేవాళ్ళట పూర్వం. ఇప్పుడు ఆ మాట ఎవరూ పైకి అనరు, ఆచారం మాత్రం పాటిస్తారు. పాప మీదుగా కొంగల బొమ్మలున్న ఎర్ర పట్టు కిమోనో కప్పి, దాని నాడాలు నాన్నమ్మ మెడ వెనక్కి తెచ్చి కట్టాలి.

"గట్టిగా కట్టరా. ఓడలు కట్టడం నీ పనేగా," అంది తోకియె.

నిజంగానే అతని పని అదే. రేవుకొచ్చిన ఓడల తాళ్ళని గట్టు మీది ఇనుప దిమ్మలకి కట్టడం. పట్టు నాడాని రెండు చుట్లు తిప్పి, లోపల్నుంచి లాగి, అలవాటు కొద్దీ ఒకసారి గుంజి చూశాడు. ఆ ముడిని మరొకళ్ళు విప్పలేరని మినోరికి తెలుసు.

నడక మొదలైంది. ముందు అత్తగారు, పక్కన కొడుకు, మూడడుగుల వెనక మినోరి. భూకంపంలో విరిగిన గట్టు ముక్కని అలాగే వదిలేసిన చోట దీపస్తంభాలు ఇంకా పక్కకి ఒరిగే ఉన్నాయి. తోకియె అటు తల తిప్పలేదు. మినోరి కళ్ళు కిమోనో అంచు కింద కదులుతున్న పాప తెల్ల మేజోడు మీదే ఉన్నాయి. తనకి తెలియకుండానే రెండు చేతులూ ముందుకి చాచి నడుస్తోంది.

తోకియె ఆగి వెనక్కి చూసింది. "చేతులు దించమ్మాయ్. చూసినవాళ్ళు నా వెనక ఎవరో బిచ్చమెత్తుకుంటోంది అనుకుంటారు."

కజుమ నవ్వేశాడు. నవ్వకూడదని ఆ తర్వాత గుర్తొచ్చినట్టుంది, దగ్గాడు.

చైనా బజారు పక్కన మాంసం బన్నుల కోసం జనం బారులు తీరి ఉన్నారు. ఆవిరి వాసనకో, గాలికో సుజు లేచి ఏడుపందుకుంది. ఆ గొంతు వినగానే మినోరికి పాలు చేపుకొచ్చాయి. లోపల గుడ్డ పెట్టుకున్నా ఆగలేదు. కోటు ముందుభాగం తడిసి, గాలి తగిలి మంచులా అయింది. మోతొమచి కూడలి వచ్చింది. ఎడమకి తిరిగితే మోతొమచి బజారు చివరే తమ ఇల్లు. కుడికి తిరిగితే గుడి.

"అత్తయ్యా, ఆకలేసింది దానికి. ఇంటికెళ్ళి పాలిచ్చేస్తాను. పావుగంటలో వచ్చేస్తాం."

"పదకొండింటికి మన వంతు. ముడి విప్పి, మళ్ళీ కట్టి, ఈ గోలంతా ఎందుకు? ఏడవనీ. దేవుడికి గొంతు పరిచయం అవుతుంది."

"కజుమా, నువ్వు చెప్పు."

కజుమ ఎడమకి చూశాడు, కుడికి చూశాడు. సిగ్నలు పచ్చ అయింది. "ఇంకెంత దూరంలే, పది నిమిషాలు," అని కుడికి నడిచాడు.

మినోరి వేగంగా నడిచి అత్తగారి పక్కకి వచ్చింది. టవరు కింద ఆ కథ విన్నప్పటి నుంచి ఒక మాట అడగాలనుంది. "ఆ రోజు కజుమని మీ అత్తగారు ఎత్తుకున్నారా?"

"ఎత్తుకోవడానికి ఆవిడ ఉండాలిగా. భూకంపం నాడే పోయింది."

"అయితే ఎవరు ఎత్తుకున్నారు?"

"ఎవరెత్తుకుంటారు? నేనే."

"కన్నతల్లివి నువ్వే ఎత్తుకున్నావు," అంది మినోరి. 'మీరు' అనడం మరిచిపోయింది.

తోకియె అడుగు తప్పలేదు. "ఎత్తుకున్నాను. రాళ్ళ మీద, గాజుముక్కల మీద నడిచాను. గుడి మండపం కప్పు నేలమీద కూర్చుని ఉంది, దాని ముందు నిలబడి దణ్ణం పెట్టాను. నా చేతులు వణకలేదు మరి."

ఆ తర్వాత గుడి దాకా సుజు ఏడుస్తూనే ఉంది, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి పడుకుంది.

చేతులూ నోరూ కడుక్కున్నాక కజుమ పూజకి దరఖాస్తు కాగితం నింపడానికి వెళ్ళాడు. ఇలాంటి కాగితాలు మినోరి ఎప్పుడూ అతనికే వదిలేస్తుంది. అతని రాత కుదురుగా ఉంటుంది, తనకి కష్టమైన అక్షరాలు కొన్ని గుర్తుండవు. ఆమె దూరంగా నిలబడి తడిసిన కోటు మీదికి శాలువా లాక్కుంది. అతను భుజం అడ్డం పెట్టి రాశాడన్న సంగతి తర్వాత గానీ తట్టలేదు.

మండపంలో కూర్చున్నారు. డప్పు మోగింది. పూజారి కాగితం విప్పి ప్రార్థన చదవడం మొదలుపెట్టాడు. ఏ ఇంటి బిడ్డో తెలిస్తేగా దేవుడు కాపలా కాసేది, అందుకని ముందు చిరునామా చదువుతారు, తర్వాత పేరు. మినోరి తల వంచుకుని తమ వీధి పేరు కోసం ఎదురుచూసింది.

"కోబె నగరం, సుమ వార్డు..."

ఆ వీధి, ఆ ఇంటి నంబరు ఆమెకి కంఠతా వచ్చు. ఏటా కొత్త సంవత్సరం కార్డు మీద తన చేత్తో రాసే నంబరే. అత్తగారిల్లు.

"ఆ ఇల్లు కాదండీ," అంది మినోరి.

అంత గట్టిగా వస్తుందనుకోలేదు ఆ మాట. పూజారి ఆగాడు. వెనక వరుసలో ఇంకో కుటుంబం తలలెత్తింది.

"మేముండేది సుమలో కాదండీ. రేవు దగ్గర. దేవుడికి తప్పు చెప్తున్నారు."

పూజారి కాగితం చూసుకున్నాడు. విసుక్కోలేదు పాపం. కజుమ వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "ఇందులో ఇలాగే రాశారు. సరైనదేనా అండీ?"

కజుమ చాప అంచు మీది దారాలు లెక్కపెడుతున్నవాడిలా తలొంచుకున్నాడు. "సరైనదే," అన్నాడు.

పూజారి మళ్ళీ మొదటి నుంచి చదివాడు. సుమ వార్డు, ఆ వీధి, ఆ ఇల్లు, సుజు. దేవుడికి రెండుసార్లు చెప్పినట్టయింది.

బయటికొచ్చాక మినోరి అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. "ఏమిటది?"

"కొన్నాళ్ళేనే. అమ్మ దగ్గర ఉంటుంది. నీకు నయమయ్యేదాకా."

"నాకేం జబ్బు?"

"నువ్వే రాశావుగా ఆ నర్సు కాగితంలో."

"సాయం కావాలని రాశాను."

"ఇది సాయం కాదా మరి?" అంది తోకియె. "వార్డు ఆఫీసులో కూడా సోమవారం పాప చిరునామా మార్పించేశాడు. ఆదివారాలు వచ్చి చూసుకో. ఎవరొద్దన్నారు?"

మినోరి అత్తగారి మెడ వెనక్కి చేతులు పోనిచ్చి ముడి విప్పబోయింది. గోరు విరిగింది గానీ ముడి రాలేదు. తోకియె కొడుకుతో, "విప్పరా," అంది.

కజుమ ఒక్క లాగులో విప్పాడు.

"తీసుకో," అంది తోకియె. "ఆ ఎర్ర ద్వారతోరణం దాకా నడువు. నీ చేతులు వణక్కపోతే అట్నుంచి అటే మీ ఇంటికి తీసుకుపో. నేను ఒక్క మాట అనను."

బరువు చేతుల్లోకి వచ్చింది. వెచ్చటి బరువు. పాల వాసన తగిలి సుజు నోరు కదిపింది. మినోరి నడిచింది. ఒకటి, రెండు, మూడు. కాళ్ళ కింద రాళ్ళు పలికాయి. అయిదో అడుగుకి కిమోనో అంచు జారి మోకాలికి చుట్టుకుంది. ఏడో అడుగుకి మోచేతుల దగ్గర మొదలైంది. తోరణం కింద రాతి మెట్టు కనపడింది. ఆ మెట్టు మీద పాప తల ఎలా తగులుతుందో కళ్ళెదుటే కనపడింది. వణుకు వేళ్ళ దాకా వచ్చింది. తోరణం ఇంకా ఇరవై అడుగులుంది.

మినోరి ఆగిపోయింది.

"అత్తయ్యా," అంది మినోరి. "పట్టుకోండి. తొందరగా."

తోకియె పరుగులాంటి నడకతో వచ్చి పాప కింద చేతులు పెట్టింది. అప్పుడు చూసింది మినోరి. ఆ చేతులూ వణుకుతున్నాయి. చలికో, వయసుకో, అంత దూరం మోసిన అలుపుకో, బాగానే వణుకుతున్నాయి. కానీ ఆ చేతులకి పరీక్ష పెట్టేవాళ్ళెవరూ అక్కడ లేరు.

టాక్సీ వచ్చింది. పాప బట్టలు రేపు పంపించమంది తోకియె. కజుమ తల్లినీ కూతుర్నీ దించి సాయంత్రానికి వస్తానన్నాడు. మినోరి వచ్చిన దారినే నడిచి వెళ్ళింది. మోతొమచి కూడలిలో ఈసారి ఇంటివైపు తిరిగింది.

ఇది జరిగి ఏడు వారాలు. సుజు బాగానే ఉంది, ఒళ్ళు చేసింది, నవ్వుతోంది. దాన్ని చూడటానికి నర్సు సుమకే వెళుతుంది. కాగితాల ప్రకారం మినోరి ఇంట్లో పసిబిడ్డ లేదు, కాబట్టి ఆ తలుపు తట్టే పని ఎవరికీ లేదు. కజుమ వారానికి మూడు రాత్రులు వాళ్ళమ్మ ఇంట్లోనే పడుకుంటున్నాడు.

మీరెప్పుడైనా ఆ రేవు వైపు వెళితే, టవరు దగ్గర ఫోటో దిగాక ఒక్క పావుగంట చూసుకోండి. మోతొమచి బజారు పడమటి కొసన మూసేసిన గొడుగుల కొట్టు ఉంటుంది. దాని పక్క మెట్లెక్కితే ఎడమ తలుపు ఆమెది. బిడ్డ ఎలా ఉందని అడక్కండి, అది అందరూ అడిగేదే. అన్నం తిన్నావా అని అడగండి. వెంటనే పలక్కపోతే ఎవరూ లేరనుకుని దిగిపోకండి. మళ్ళీ తట్టండి.