పళ్లు కుళ్లని సాయంత్రం

నేను ఒక ఇనుప యంత్రాన్ని. పల్పర్ అని గొప్పగా పిలుస్తారు గాని, నా పనల్లా కాఫీ పండు తొక్క ఒలవడం. పోత పోసిన ఒళ్లు, రాగి రేకు తొడిగిన డ్రమ్ము, పక్కన పిడి ఉన్న పెద్ద చక్రం. తిప్పే మనిషి లేకపోతే ఉత్త బరువును.

నన్ను లారీలో ఘాట్ రోడ్డెక్కించి అరకు అవతలి కొండ మీదికి తెచ్చారు. అంతకు కొన్నేళ్ల ముందు వరకూ అక్కడ సామలు, రాగులు పండేవట. ఎవరో కాగితం చూపించారు, కొండ పేరు ఎస్టేట్ అయింది. పండించుకు తిన్నవాళ్లే అక్కడ కూలీలయ్యారు. కోతలు మూడు నెలలే. మిగతా కాలమంతా పస్తులు. మనుషుల తర్కం నాకెప్పుడూ అంతుపట్టలేదు. తిండి పండే నేల లాక్కుని, వాళ్ల ఆకలికి బద్ధకమే కారణమనేవారు.

కొర్రా జెమ్మి నా దగ్గరికి వచ్చేసరికి పన్నెండేళ్లది. తల్లి పళ్లు కోసేది, ఈమె నా చక్రం తిప్పేది. బడి మొహం చూడలేదు. ఇరవై ఏళ్లు తిప్పింది. నాలో ఏ మర వదులైందో చప్పుడును బట్టి చెప్పేది. తర్వాత మోటారు యంత్రం వచ్చింది. నన్ను షెడ్డు వెనక పడేశారు, ఆమెను పనిలోంచి తీసేశారు.

కొన్నాళ్లకు జెమ్మికీ, ఊళ్లో మరో పదిమంది ఆడవాళ్లకూ కొండవాలులో తలో ముక్కకు పట్టా వచ్చింది. చేతనైన పంట కాఫీయే కాబట్టి అదే వేశారు. కానీ కోసిన పండు ఒక్క పూటలో పులియడం మొదలెడుతుంది. ఆ సంగతి పళ్లు కొనే షావుకారు పైడిరాజుకు బాగా తెలుసు. పొద్దున్నే వచ్చి లారీ నీడన సాయంత్రం దాకా కూర్చునేవాడు. ఎండ దిగేకొద్దీ ధర దిగేది. పట్టా వచ్చినా పస్తు పోలేదు.

ఒక ఏడు కోతలకు ముందు జెమ్మి ఎస్టేటుకు వచ్చి, తుక్కు కింద నన్ను ఇమ్మని అడిగింది. మేస్త్రి నవ్వి తీసుకుపొమ్మన్నాడు. పదకొండు మందీ నన్ను కర్రలకు కట్టి మోసుకెళ్లారు. జెమ్మి తుప్పు గీకింది, అరిగిన రాగి రేకు మార్పించింది. అయినా అందరికీ నమ్మకం కుదరలేదు.

"పళ్లన్నీ పాడైపోతే ఏటి తింటామే?" అని పెద్దమ్మ సొంబారి అడిగింది. జెమ్మి నా పిడి పట్టుకుని, చక్రం ఉత్తినే ఒక చుట్టు తిప్పి చప్పుడు విన్నది.

కోతల మొదటి రోజు పైడిరాజు ఎప్పటిలాగే వచ్చి కూర్చున్నాడు. ఆడవాళ్లు అతని ముందు నుంచే పళ్ల బుట్టలు నా దగ్గరికి తెచ్చారు. మొదటి బుట్టకు నేను మొరాయించాను, కొన్ని గింజలు నలిపేశాను కూడా. జెమ్మి చెవి ఒగ్గి విని, ఒక మర బిగించింది. అంతే. తొక్క ఒకవైపు, తెల్లటి గింజ ఒకవైపు ధారకట్టాయి.

పైడిరాజు లేచి వచ్చాడు. "సాయంత్రానికి పులిసిపోతాయమ్మా, ఇప్పుడే ఇచ్చెయ్యి," అన్నాడు.

"తొక్క తీసీసినాం బాబూ. కడిగి ఆరబెడితే నెలలుంటాయి. నువ్వెల్లి తీరిగ్గా రా," అంది జెమ్మి.

ఖాళీ లారీ కొండ దిగింది. సొంబారి జెమ్మిని పక్కకు జరిపి నా పిడి అందుకుంది. ఆమె వెనక మిగతావాళ్లు వరసకట్టారు. నన్ను తిప్పడానికి మనుషులు పోటీపడటం నేను చూడటం అదే మొదలు.

పక్షం తర్వాత పైడిరాజు మళ్లీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. ఎండలో నిలబడి, ఆరిన గింజలు దోసిట్లోకి తీసుకుని, ఎంతకిస్తావని జెమ్మిని అడిగాడు.